పీపాలో మనిషి, నోరు విప్పని వీధి

డిటెక్టివ్ కథ కావాలన్నారుగా, దగ్గరికి జరిగి కూర్చోండి. యుగంధర్ కథ మాత్రం కాదర్రా. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ని, ఆయన అసిస్టెంటు రాజునీ నా పెళ్లికి ముందే అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకుని అన్నం తినడం కూడా మరిచిపోయి చదివేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ కల్పించింది కాదు. మనింటి నుంచి నది దాటితే వచ్చే మన్‌హటన్‌లోనే జరిగింది. జరిగి నూట ఇరవై ఏళ్లు దాటిపోయింది.

1903, ఏప్రిల్ 14. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. ఈస్ట్ పదకొండో వీధిలో పనికి పోతున్న ఓ ఆడమనిషికి దారి పక్కన ఒక పీపా కనబడింది. చక్కెర వచ్చే చెక్కపీపా. పైన కోటు కప్పి ఉంది. ఎవరిదో మంచి కోటు అనుకుని ఎత్తి చూస్తే, లోపల మడిచి కుక్కిన మనిషి. మెడ నిండా కత్తిపోట్లు. మిగతా వర్ణన మీకెందుకులే, రాత్రి నిద్రపట్టదు. జేబులో పేరు లేదు, ఊరు లేదు. ఇటాలియన్‌లో రాసిన చిన్న కాగితం ముక్క ఒకటి ఉంది. వాచీ గొలుసు ఉంది, వాచీ లేదు. పీపా అడుగున రంపపు పొట్టు, అందులో చుట్టపీకలు, ఉల్లిపొట్టు. అంతే.

ఆ పీపా సంగతి చెప్పేముందు ఇటలీ వాళ్ల పేట సంగతి చెప్పాలి. పేట అర్థం కాకపోతే ఈ కథ అర్థం కాదు.

1900 నుంచి 1910 దాకా, ఆ పదేళ్లలోనే ఇరవై లక్షల మందికి పైగా ఇటలీ వాళ్లు అమెరికాలో దిగారు. ఎక్కువమంది దక్షిణం వాళ్లు. నేపుల్స్ చుట్టుపక్కల పల్లెలు, కలాబ్రియా, సిసిలీ. అక్కడ భూమి కొద్దిమంది చేతుల్లో ఉండేది, పన్నులు మాత్రం అందరి నెత్తిమీదా ఉండేవి. ఎల్లిస్ దీవిలో దిగి, మూటాముల్లె పట్టుకుని తిన్నగా మల్బరీ వీధి దగ్గరికి వచ్చేవాళ్లు. వచ్చి కూడా కలిసి ఉండలేదు సుమా! నేపుల్స్ వాళ్లంతా మల్బరీ వీధిలో, సిసిలీ వాళ్లంతా ఎలిజబెత్ వీధిలో. ఒక వీధి వాళ్ల మాట పక్క వీధి వాళ్లకి సగమే అర్థమయ్యేది. ఒక్కో మేడలో ఒక ఊరి జనమంతా దిగేవాళ్లు. వాళ్ల దేవుడి పండగ వాళ్లదే, వాళ్ల ఊరేగింపు వాళ్లదే. మనవాళ్లు మాత్రం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఏం చేశారు? గుంటూరు వాళ్లని గుంటూరు వాళ్లు, కరీంనగర్ వాళ్లని కరీంనగర్ వాళ్లు వెతుక్కోలేదూ!

ఇళ్లు చూస్తే కన్నీళ్లొస్తాయి. ఒకే గదిలో వంట, పడక, కుట్టుపని. లోపలి గదులకి కిటికీ ఉండదు, గాలి రాదు. జేకబ్ రీస్ అనే పత్రికాయన చీకటి గదుల్లో మందు వెలిగించి, ఆ మెరుపు వెలుగులో ఫోటోలు తీసి, 1890లో పుస్తకం వేశాడు. అది చూశాకే ఊళ్లో పెద్దవాళ్లకి తమ పక్కనే ఇలాంటి బతుకుందని తెలిసింది. మగవాళ్లు తవ్వకం పనులకి పోయేవాళ్లు. 1904లో మొదలైన న్యూయార్క్ సబ్‌వే ఉంది చూడండి, ఆ సొరంగాలు తవ్విన చేతుల్లో చాలా చేతులు ఆ పేటవే. వాళ్లకి పని ఇప్పించే మేస్త్రీ ఒకడుండేవాడు, పద్రోనే అనేవాళ్లు. పనికి కమిషన్, ఉత్తరానికి కమిషన్, ఊరికి డబ్బు పంపితే కమిషన్. ఇంగ్లీషు రాని మనిషికి ఆ మేస్త్రీయే కోర్టు, కచేరీ, బ్యాంకు, అన్నీ.

పోలీసులు? ఎక్కువమంది ఐరిష్ వాళ్లు. ఇటాలియన్ మాట ఒక్కటి రాదు. ఇటలీ వాడంటే కత్తి వాడనే అనుమానం దేశమంతటా ఉండేది. న్యూ ఆర్లియన్స్‌లో 1890లో పోలీసు చీఫ్ హెనెసీని ఎవరో కాల్చి చంపితే ఇటలీ వాళ్లని పట్టుకున్నారు. తొమ్మిదిమందిని విచారించారు, ఒక్కరి మీదా నేరం రుజువు కాలేదు. మర్నాడే, 1891 మార్చి 14న, గుంపు జైలు మీద పడి పదకొండుమంది ఇటలీ వాళ్లని చంపేసింది. అలాంటి దేశంలో, భాష తెలియని పోలీసు ముందు నిలబడి సాక్ష్యం చెప్పమంటే ఎవరు చెప్తారమ్మా? వాళ్లని పిరికివాళ్లనడం అన్యాయం. చెప్పినవాడికి ఆ రాత్రి కాపలా కాసేవాడు లేడు, అదీ సంగతి.

ఇప్పుడొస్తాడు మన డిటెక్టివ్. జో పెట్రోసినో. పుట్టుక పేరు జూసెప్పే. 1860లో పాడులా అనే ఊళ్లో పుట్టాడు, నేపుల్స్‌కి దక్షిణాన, సలెర్నో జిల్లా. చిన్నతనంలోనే న్యూయార్క్ వచ్చాడు. మల్బరీ వీధిలో పోలీసు హెడ్‌క్వార్టర్స్ ఎదురుగా కూర్చుని బూట్లు పాలిష్ చేసేవాడు. ఎవరి బూట్లు? పోలీసుల బూట్లే. తర్వాత వీధులు ఊడ్చే పనిలో చేరాడు. ఆ రోజుల్లో ఆ శాఖ కూడా పోలీసుల కిందే ఉండేది. అక్కడ ఒక అధికారి కంట్లో పడి, 1883లో పోలీసుగా చేరాడు. మనిషి ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. పోలీసు ఉద్యోగానికి కావాల్సిన కొలతకి అందడు. కానీ ఆ పేట భాష తెలిసినవాడు కావాలి కదా, కొలత పక్కన పెట్టారు. 1895లో థియొడోర్ రూజ్‌వెల్ట్ పోలీసు కమిషనర్‌గా ఉన్నప్పుడు అతన్ని డిటెక్టివ్ సార్జెంట్‌ని చేశాడు. తర్వాత దేశానికి అధ్యక్షుడయిన రూజ్‌వెల్టే.

ఒకరోజు కూలీవాడిగా, ఒకరోజు ముష్టివాడిగా వేషం కట్టి తిరిగేవాడట. ఇంటికొచ్చి వయొలిన్ వాయించుకునేవాడు, ఆపెరా అంటే ప్రాణం. అవన్నీ సినిమావాళ్లకి బాగుంటాయి. నాకు అతనంటే గౌరవం కలిగించింది వేరే కేసు. ఆంజెలో కార్బొనే అని ఒక కుర్రాడు. హత్య చేశాడని కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. ఇంగ్లీషు సరిగ్గా రాదు, నేను చేయలేదురా బాబూ అని మొత్తుకున్నా వినే చెవి లేదు. పెట్రోసినో వెళ్లి అతని మాట అతని భాషలో విన్నాడు. నమ్మాడు. నమ్మి ఊరుకోకుండా అసలు మనిషి కోసం ఊళ్లు తిరిగి, చివరికి బాల్టిమోర్‌లో సియారమెల్లో అనేవాణ్ణి పట్టుకొచ్చాడు. ఆ కుర్రాడు విద్యుత్ కుర్చీ దాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. దొంగల్ని పట్టుకునే పోలీసులు చాలామంది ఉంటారు. నేరం చేయనివాణ్ణి విడిపించడానికి ఊళ్లు తిరిగే పోలీసు అరుదు. ఆ పేట అతన్ని కొంచెమైనా నమ్మిందంటే ఇలాంటివాటి వల్లనే.

చిన్నా, ఆ కర్ర కొంచెం లోపలికి తొయ్యి నాన్నా, పొగ వస్తోంది. ఆఁ, ఇక పీపా.

పీపా మీద ఒక ముద్ర ఉంది, అచ్చు వేసిన అక్షరాలు. వాటిని పట్టుకుని చక్కెర అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్ల చిట్టా చూస్తే అలాంటి పీపాలు ఎలిజబెత్ వీధిలో ఒక మిఠాయి కొట్టుకి వెళ్లాయి. అక్కడ అలాంటి పీపాలే ఉన్నాయి, నేల మీద అలాంటి రంపపు పొట్టే ఉంది. ఇంకో పక్క నుంచి ఇంకో దారి దొరికింది. దొంగనోట్ల వేటలో ఉన్న సీక్రెట్ సర్వీస్ వాళ్లు ఫ్లిన్ అనే అధికారి కింద ఒక ముఠాని ఎప్పట్నుంచో కాపు కాస్తున్నారు. చచ్చిపోయిన మనిషిని ముందురోజు ఆ ముఠాతో చూశామన్నారు. ముఠా పెద్ద జూసెప్పే మొరెల్లో, సిసిలీలో కొర్లియోనే వాడు. పుట్టుకతోనే కుడిచెయ్యి వంకర. చుట్టం ఇగ్నాజియో లూపో పక్కన ఉంటాడు. వెంటనే అందరినీ లోపలేశారు.

కానీ చచ్చినవాడెవరు? అది తేలకపోతే కేసు లేదు. పెట్రోసినో హడ్సన్ ఒడ్డున ఉన్న సింగ్ సింగ్ జైలుకి వెళ్లాడు, శవం ఫోటో పట్టుకుని. అక్కడ దొంగనోట్ల కేసులో శిక్ష పడ్డ డి ప్రీమో అనేవాడున్నాడు. ఫోటో చూడగానే వాడి మొహం మారిపోయింది. మా బావ అన్నాడు. బెనెదెత్తో మదోనియా, బఫలో ఊరు. జైల్లో ఉన్న బావమరిదికి ముఠా నుంచి రావాల్సిన డబ్బు అడగడానికి న్యూయార్క్ వచ్చాడట. అడిగినందుకు దక్కింది పీపా.

ఆ తర్వాత తాకట్టు చీటీ దొరికింది. ముఠాలో పెత్తో అనే భారీ మనిషి, వృషభం అని పిలిచేవాళ్లు, వాడి జేబులో. ఒక్క డాలరుకి తాకట్టు పెట్టిన వాచీ. ఆ వాచీ మదోనియాదే. ఇంకేం కావాలి? యుగంధర్ అయితే ఇక్కడే కేసు ముగించి సిగరెట్ వెలిగించేవాడు.

ముగియలేదు. విచారణలో సాక్షులు ఒక్కొక్కరే తడబడ్డారు. గది నిండా ఎవరెవరో కూర్చున్నారు, వాళ్ల చూపులు చాలు. వాచీ గుర్తుపట్టాల్సిన సొంతవాళ్లు కూడా అదేనో కాదో అన్నారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. పెత్తోని తర్వాత 1905లో పెన్సిల్వేనియాలో ఎవరో కాల్చేశారు. మొరెల్లోకీ లూపోకీ శిక్ష పడ్డది 1910లో, అదీ దొంగనోట్ల కేసులో. ఒకడికి 25 ఏళ్లు, ఇంకొకడికి 30. పీపాలో మనిషి మాత్రం కోర్టు లెక్కలో ఎవరూ చంపనట్టే మిగిలిపోయాడు.

మీరు చదివే నవలల్లో చంపిందెవరో చివరి పేజీ దాకా తెలియదు కదా. ఎలిజబెత్ వీధిలో చంపిందెవరో అందరికీ తెలుసు. రొట్టెలు కాల్చేవాడికి తెలుసు, నీళ్ల దగ్గర నిలబడ్డ ఆడవాళ్లకి తెలుసు. ఎవరు నోరు విప్పుతారన్నదే అక్కడ అంతుపట్టనిది. అందుకే ఆ పేటలో డిటెక్టివ్ పని ఆనవాళ్లు ఏరడంతో అయిపోదు. భయపడ్డ మనిషి ఇంట్లో కూర్చుని, ఆ మనిషి భాషలో, నీకేం కాదు అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

పీపా దొరికిన ఏడాదే ఇంకో భయం మొదలైంది. నల్లచెయ్యి. బ్లాక్ హ్యాండ్. ఒక ఉత్తరం వస్తుంది, సంతకం ఉండదు. కింద బాకు బొమ్మ, పుర్రె బొమ్మ, నల్లటి చెయ్యి బొమ్మ. ఇంత డబ్బు ఫలానా చోట పెట్టు, లేకపోతే కొట్టు పేలిపోతుంది, లేకపోతే పిల్లవాడు మాయమవుతాడు. నిజంగానే కొట్లు పేలాయి, నిజంగానే పిల్లలు మాయమయ్యారు. అదంతా ఒకే పెద్ద సంఘం అనుకున్నారు జనం. అలా కాదు, ఎక్కడికక్కడ చిన్న చిన్న ముఠాలు ఒకే గుర్తు వాడుకున్నాయి. కూరలమ్మేవాడి నుంచి పాటగాడు కరూసో దాకా ఉత్తరాలు వెళ్లాయి. అంత పేరున్న కరూసోకే తప్పలేదంటే మామూలువాడి గతి ఊహించుకోండి.

అలాంటి ఉత్తరం సంగతి నాకు కొంచెం తెలుసు తల్లీ. 1987లో మీ తాతయ్యా నేనూ జెర్సీ సిటీలో ఉండేవాళ్లం. భారతీయుల్ని ఈ ఊరి నుంచి వెళ్లగొడతాం, బొట్టు కనబడితే ఊరుకోం అని ఒక ఉత్తరం పత్రికలో అచ్చయింది. మనవాళ్ల మీద దాడులు జరిగాయి, ఒక కుర్రాడి ప్రాణం పోయింది. సాయంత్రం కూరలకి వెళ్లాలంటే మా మెట్లమీద ఆడవాళ్లం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకునేవాళ్లం. కొందరు బొట్టు తీసేశారు. నేను తీయలేదు, కానీ చీర మీద పొడుగు కోటు వేసుకుని తలదించుకుని నడిచేదాన్ని. పోలీసులకి చెప్పండి అని పెద్దవాళ్లంటే, చెబితే మన ఇల్లు తెలిసిపోతుంది కదా అని గొణిగినవాళ్లే ఎక్కువ. పెట్రోసినో గురించి చదివినప్పుడల్లా నాకు ఎలిజబెత్ వీధి ఆడవాళ్ల మొహాలు ఆ మెట్లమీద మొహాల్లాగే కనబడతాయి. తర్వాత మనవాళ్లు కూడగట్టుకుని వీధిలోకి వచ్చి అడిగారు, అది వేరే ముచ్చట.

పెట్రోసినో పై అధికారుల్ని విడవకుండా అడిగి అడిగి, ఇటాలియన్ మాట్లాడే పోలీసుల దళం ఒకటి పెట్టించాడు. 1905 నాటికి ఇటాలియన్ స్క్వాడ్ మొదలైంది. ఎంతమంది? మొదట్లో తనతో కలిపి వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. కిందా మీదా పడి ముఠాల్ని పట్టుకున్నారు, కానీ సాక్షులు రాకపోతే శిక్ష ఎక్కడిది? అప్పుడతనికి ఇంకో దారి తోచింది. 1907లో వచ్చిన వలస చట్టం ప్రకారం, ఇటలీలో నేరం చేసి దాచిపెట్టి వచ్చినవాణ్ణి, వచ్చిన మూడేళ్ల లోపల పట్టుకుంటే వెనక్కి పంపేయొచ్చు. సాక్షి అక్కర్లేదు, ఇటలీ కోర్టు కాగితం చాలు. నోరు విప్పలేని జనానికి బదులు కాగితం చేత మాట్లాడిద్దాం అనుకున్నాడు. ఎంత తెలివైన ఆలోచనో చూడండి.

ఆ కాగితాల కోసమే 1909 ఫిబ్రవరిలో ఇటలీ ఓడ ఎక్కాడు. అప్పటికి పెళ్లయి ఎంతో కాలం కాలేదు. నలభై ఏడేళ్లకి పెళ్లి చేసుకున్నాడు. పేటలో హోటలు నడిపే ఆయన కూతురు అడెలినా, అప్పటికే ఒకసారి భర్తను పోగొట్టుకున్న మనిషి. మళ్లీ విధవ అవుతుందేమోనని తండ్రి భయపడ్డాడట. పాప పుట్టి కొన్ని నెలలే అయింది. ఆ పాపని వదిలి, మారుపేరుతో వెళ్లాడు.

రహస్యంగా వెళ్లాడు. కానీ ఆ రహస్యం బయటపడింది శత్రువుల వల్ల కాదు. అతని సొంత కమిషనర్ బింగమ్ తన కొత్త రహస్య దళం గురించి పత్రికలవాళ్లతో మాట్లాడాడు. పెట్రోసినో ఇంకా దారిలో ఉండగానే న్యూయార్క్ పత్రికలో పడిపోయింది. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పేటలో ముసలమ్మకి కూడా తెలిసిన సంగతి, ఎప్పుడు నోరు మూసుకోవాలో, అంత పెద్ద ఉద్యోగంలో ఉన్నాయనకి తెలియలేదు.

దారిలో పాడులా వెళ్లి తోడబుట్టినవాణ్ణి చూశాడు. తర్వాత పలెర్మో. అక్కడ కచేరీల్లో కూర్చుని పాత నేరాల కాగితాలు ఒక్కొక్కటే తీయించాడు. మార్చి 12 రాత్రి, హోటల్లో భోంచేసి, పియాజ్జా మరీనా అనే కూడలిలో గరిబాల్దీ తోట ఇనుప కమ్మీల పక్కన నడుస్తున్నాడు. తుపాకీ హోటల్ గదిలోనే ఉండిపోయింది. చీకట్లో కాల్చారు. పడిపోయాడు. విదేశంలో విధి నిర్వహణలో హత్యకు గురైన న్యూయార్క్ పోలీసు ఈనాటికీ అతనొక్కడే.

శవాన్ని ఓడలో తెచ్చారు. ఏప్రిల్ 12న మాట్ వీధి పాత సెయింట్ పాట్రిక్ చర్చి నుంచి ఊరేగింపు బయల్దేరితే, దారికి అటూ ఇటూ రెండు లక్షలకు పైగా జనం. ఊరంతా సెలవు. సాక్ష్యం చెప్పడానికి ఇంట్లోంచి బయటికి రాని జనమే, ఆ రోజు మాత్రం నల్లబట్టలేసుకుని వీధిలో నిలబడ్డారు. నేనైతే వాళ్లు ఆ రోజు సాక్ష్యం చెప్పారనే అంటాను. ఆలస్యంగా చెప్పారు, అయినా చెప్పారు.

అతని తర్వాత ఇద్దరు అధికారులు ఇటలీ వెళ్లి ఆ పని కొనసాగించారు, వందల కొద్దీ కాగితాలు తెచ్చారు. వాటిని వాడుకున్న నాథుడు లేడు. మూడేళ్ల గడువు ఒక్కొక్కడికీ దాటిపోతూ వచ్చింది.

పెట్రోసినో కథ మీద సినిమాలు వచ్చాయి. 1960లో ‘పే ఆర్ డై’, అందులో ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్ పెట్రోసినో వేషం వేశాడు. నవలలు కూడా వచ్చాయి. అమ్మాయ్, నువ్వు మొన్న అడిగావు కదా ఏది చదవమంటావని, లారీ ఫాబియానో రాసిన ‘ఎలిజబెత్ స్ట్రీట్’ చదువు. 2010లో వచ్చింది. తన కుటుంబంలో నిజంగా జరిగినదాన్నే, నల్లచేతి వాళ్లు పిల్లని ఎత్తుకుపోయిన సంగతినే కథ చేసింది. అందులో కథ మధ్యలో నిలబడేది డిటెక్టివ్ కాదు, తల్లి. అలాంటి పేట మీద రాసేవాళ్లు అలాగే రాయాలి. పోలీసు వైపు నుంచి చూస్తే ఆ పేట గోడలాగే కనిపిస్తుంది. లోపల్నుంచి చూసినవాళ్లకే అక్కడ మనుషులు కనబడతారు.

పెట్రోసినోని చంపిందెవరంటావా చిన్నా? వీటో కాషో ఫెర్రో అనే సిసిలీ పెద్దమనిషి మీద అందరి అనుమానం. పీపా కేసు రోజుల్లో న్యూయార్క్‌లోనే ఉండి తప్పించుకుని పోయినవాడు. పెట్రోసినో చిట్టాలో కూడా వాడి పేరుంది. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు అని పార్లమెంటు సభ్యుడొకడు వాడి తరఫున చెప్పాడు. వదిలేశారు. తర్వాత ముస్సోలినీ కాలంలో వేరే కేసులో యావజ్జీవ శిక్ష పడి జైల్లోనే పోయాడు.

ఇంకొకటి చెప్పి లేస్తాను, పొద్దుపోయింది. 2014లో పలెర్మో పోలీసులు వేరే కేసు కోసం ఒక ముఠా మాటలు చాటుగా వింటున్నారు. అందులో ఒకడు గొప్పలు పోతున్నాడు, మా తాతల నాటి పావోలో పలాజ్జొత్తోయే పెట్రోసినోని చంపింది, కాషో ఫెర్రో కోసం చంపాడు అని. నూట ఐదేళ్ల తర్వాత! పోలీసులు పాత దస్తాలు తీసి చూశారు. 1909లో పట్టుకున్నవాళ్ల జాబితాలో ఆ పేరు ఉంది. సాక్ష్యం లేదని అప్పుడే వదిలేశారు.